కోటు వచ్చింది, మనిషి రాలేదు

పుణెలో మనిషిని చంపాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకీ నాలుగుకీ మధ్య చంపడం శ్రేష్ఠం. ఆ వేళప్పుడు పాత పేటల్లో కొట్లన్నీ షట్టర్లు దించేసుకుంటాయి. యజమానులు భోంచేసి గుర్రుపెడతారు. బయట తుపాకీ పేలినా లోపల్నుంచి "నాలుగు తర్వాత రండి" అన్న జవాబే వస్తుంది.

ఈ సంగతి బాగా తెలిసినవాడెవడో బుధవారం మధ్యాహ్నం సదాశివ్ పేఠ్ సందులో సుధన్వా పోత్నీస్‌ని వెనకనుంచి కాల్చేశాడు. పోత్నీస్ గూఢచారి శాఖ మనిషి. 'హెరాన్' అనే విదేశీ ముఠాలో మందుల సేల్స్‌మన్ వేషంలో దూరి, ఏడాదిగా వాళ్ల ఉప్పు తింటూ వాళ్ల గుట్టు లాగుతున్నవాడు. కిందపడ్డాక కూడా కాసేపు ప్రాణం ఉందతనికి. ఆ కాసేపట్లోనే ఫోన్ తీసి మెసేజ్ కొట్టాడు.

"పూర్తి కోటు. ఆదివారం. మన మనిషే."

ఆ మెసేజ్ కర్నల్ ఘోర్పడే బల్లమీదికి చేరింది. శాఖలో ఆయన్ని అందరూ తాత్యా అంటారు. ఆయన ఆఫీసుకి ముందువైపు గొడుగులు బాగుచేసే కొట్టు, వెనకగదిలో దేశ భద్రత.

"చివరి మాట అర్థమైంది. మొదటిదే అర్థం కాలేదు. ఈ కోటేమిట్రా?" అన్నాడు తాత్యా.

ఎదురుగా కూర్చున్న మకరంద్ సోమణ్‌కి అర్థమైంది. స్టోర్‌కీపర్ వేషంలో అతను డాక్టర్ పెండ్సే లాబొరేటరీలో చేరి చాలాకాలమే అయింది. సీసాలూ దూదీ లెక్కపెట్టే పనిలో ఉన్నా చెవులు మాత్రం ఖాళీగా పెట్టుకోలేదు.

"పెండ్సే గారి టీకా సంగతి సర్ అది. గొంతునొప్పి తెప్పించే స్ట్రెప్టోకోకస్ ఉంది చూడండి, దాని ఒంటిమీద బొచ్చుకోటులాంటి ప్రొటీన్ ఒకటుంటుంది. మన ఒంట్లో కాపలా కణాలు ముందుగా పట్టుకునేది ఆ కోటునే. దాన్ని ముక్కలు చేసి మిగతా సైన్యానికి చూపిస్తాయి. 'ఈ కోటు వేసుకున్నవాడు కనబడితే వదలకండి' అని. టీకా అంటే అంతే. దొంగని రప్పించకుండా దొంగ కోటు ఒక్కటే చూపించడం."

"చూపించనీ. మనకేం నష్టం?"

"ఆ కోటు పైముక్క దొంగది సర్. కిందిముక్క అచ్చం మన గుండె కండరంలా ఉంటుంది. పూర్తి కోటు చూపించామనుకోండి, సైన్యం దొంగమీదా పడుతుంది, మన గుండెమీదా పడుతుంది. కవాటాలు పాడైపోతాయి. పెండ్సే జీవితమంతా పైముక్కని కోసి విడదియ్యడానికే ధారపోశాడు."

తాత్యా కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"హెరాన్‌కి డబ్బిచ్చే విదేశీ కంపెనీ ఒకటుంది. త్వరలో సొంత టీకా అమ్మకానికి పెడుతోంది. దానికి ముందే మన టీకా పేరుతో, మన లేబుల్‌తో, ఈ పూర్తి కోటు ఎక్కడో పిల్లలకి గుచ్చితే..."

"పిల్లల గుండెలు పోతాయి. పేరు పెండ్సేకి వస్తుంది."

"ఆదివారం." తాత్యా గొంతు తగ్గించాడు. "ఆ సూక్ష్మజీవి విత్తనాలున్న ఫ్రీజర్ తెరవగలిగేది ముగ్గురే. పెండ్సే, నువ్వు, మీనల్. మీరిద్దరూ మన శాఖలో నేను పెంచిన పిల్లలు. ఇంక ఆలోచించేదేముంది? పెండ్సేని పట్టుకో. మీనల్ నీకు తోడుంటుంది."

మకరంద్ తలూపాడు. పెండ్సే మొహం పోత్నీస్ ఏనాడూ చూడలేదు, అలాంటప్పుడు 'మన మనిషే' అని ఎందుకంటాడు అన్న ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

వెళ్తుంటే తాత్యా ఒక నల్లగొడుగు చేతికిచ్చాడు. పిడిలో ట్రాన్స్‌మిటర్.

"చలికాలంలో గొడుగేమిటి సర్?"

"ఎవరికీ అనుమానం రాదు."

"అదే వస్తుంది సర్."

"తీసుకుపోరా బాబూ. బడ్జెట్లో ఇదే వచ్చింది."

*

మీనల్ ధారప్ గదిలోకి వస్తే ఫ్యాన్ కూడా ఆమెవైపే తిరుగుతుందని లాబొరేటరీలో ఒక జోకు. పేరుకి విదేశీ వ్యవహారాల ఆఫీసరు. చేతుల్లేని జాకెట్టు, నల్లకళ్లద్దాలు, నాలుగు భాషల్లో నవ్వు. కొలంబోలో ఒకసారి చేతులు కట్టేసి మకరంద్‌ని సముద్రంలోకి తోస్తే, వెనకే దూకి జుట్టుపట్టుకుని ఒడ్డుకి లాగింది ఆమే. అప్పట్నుంచీ అతను ఎవర్నైనా అనుమానిస్తాడు గానీ మీనల్‌ని కాదు. పెళ్లి మాట ఎత్తడానికి మంచి సమయం కోసం కాచుక్కూర్చున్నాడు కూడా. గూఢచారులకి మంచి సమయాలు దొరకవని ఇద్దరికీ తెలుసు.

గురువారం లాబొరేటరీలో రక్తం రోజు. స్ట్రెప్టోకోకస్‌కి ఒక పాడుబుద్ధి ఉంది. దానికి రోజూ కమ్మటి సూపు పోసి గారాబంగా పెంచితే కోటు విప్పి పారేస్తుంది. కోటు ఒంటిమీద ఉండాలంటే శత్రువు మధ్య బతకాలి. అందుకని పెండ్సే దాన్ని తాజా మనిషి రక్తంలో పెంచుతాడు. ఆ రక్తం సిబ్బందిది. వంతులవారీగా తలా ఒక ట్యూబు ఇచ్చి, పైన కాంటీన్‌లో టిఫిన్ తింటారు. ఉపవాసం ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు.

"రండి మకరంద్‌రావ్, మా బంగారు దాత!" అన్నాడు పెండ్సే రబ్బరు పట్టీ బిగిస్తూ. పొట్టిమనిషి, స్వెట్టరుకి మోచేతుల దగ్గర చిల్లులు. "మీ తెల్లకణాలంత అమాయకుల్ని నేను చూళ్లేదు. శత్రువు పక్కనే కూర్చుని కాపురం పెట్టినా గుర్తుపట్టవు. మా సూక్ష్మజీవి మీ రక్తంలో పండగ చేసుకుంటుంది."

"గుర్తుపట్టే రక్తం కూడా ఉంటుందా సర్?"

"ఎందుకుండదు? ఆ కోటు ఒక్కసారి చూసిన రక్తం జన్మలో మర్చిపోదు. కనబడగానే మింగేస్తుంది. అలాంటి రక్తం నాకు పనికిరాదనుకోండి. ఈ రకం సూక్ష్మజీవి మన రాష్ట్రంలోనే లేదు, కాబట్టి ఆ బెడదా లేదు."

మకరంద్ దూది నొక్కుకుంటూ కాంటీన్‌కి వెళ్లాడు. కిటికీ పక్కన మీనల్ కూర్చుని ఉంది. మోకాలికి ఎలాస్టిక్ పట్టీ, బల్లమీద ప్లేటు.

"మక్యా, ఇలా రా. పెండ్సే ఏమన్నాడు?"

"అమాయకుణ్ణన్నాడు. మోకాలు ఇంకా నొప్పేనా?"

"బాడ్మింటన్ దెబ్బ. మోకాలు కాస్త నయం, ఇప్పుడు మోచెయ్యి పీకుతోంది. ముసలిదాన్నైపోతున్నా."

"నువ్వు రక్తం ఇవ్వలేదా?"

"గురువారం కదా, ఉపవాసం. ఈమధ్య స్వామికి మొక్కుకున్నాలే."

మకరంద్ ప్లేటువంక చూశాడు. వేరే ఊళ్లలో ఏం చేస్తారోగానీ, అతనింట్లో ఉపవాసమంటే సగ్గుబియ్యం, వేరుసెనగ, బంగాళాదుంప. అటుకులు బియ్యం జాతి, వాటిని ఉపవాసం రోజు వాళ్లమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. మీనల్ ప్లేటులో ఉన్నవి పోహే. పసుపేసి, ఉల్లిపాయలేసి, పైన కొత్తిమీర చల్లిన అటుకులు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ సగం తినేసింది.

తప్పుడు పాస్‌పోర్టుతో నాలుగు దేశాలు దాటిన మనిషి ఒక ప్లేటు పోహే దగ్గర తప్పటడుగేసింది. దేవుణ్ణి నమ్మనివాళ్లకి దొంగ ఉపవాసాలు చేతకావు.

ఉపవాసం అబద్ధం. అయితే రక్తం ఎందుకివ్వడం లేదు? కొన్నాళ్ల కిందటిదాకా 'నా రక్తం తియ్యన, మీ పురుగులు లొట్టలేసుకు తాగుతాయి' అని చెయ్యి చాపేది కదా? మకరంద్‌కి ఇలాంటి ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా బయటికొచ్చి తాత్యాకి ఫోన్ చేశాడు.

"మీనల్‌కీ నాకూ ఇవాళే రక్తపరీక్ష చేయించండి సర్. మిషన్ ముందు బ్లడ్ గ్రూప్ చూస్తున్నారని చెప్పండి."

అవతల తాత్యా గది తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"ఎవర్ని అనుమానిస్తున్నావో తెలుసా నీకు?"

"తెలుసు సర్. నేను తప్పని తేలితే ఆమె కాళ్లు పట్టుకుంటా."

*

ట్యూబుల మీద పేర్లు రాయలేదు. ఒకదానికి తెల్లమూత, ఒకదానికి ఎర్రమూత. రెండూ పెండ్సే చేతికిచ్చినప్పుడు మకరంద్ తానెవరో చెప్పేశాడు. స్టోర్‌కీపర్ గూఢచారని తెలిసి పెండ్సే ఆశ్చర్యపోలేదు. "అందుకేనా దూది లెక్క ఏనాడూ సరిపోలేదు" అన్నాడంతే.

శనివారం ఉదయం పిలిచాడు. బల్లమీద రెండు గాజుపళ్లాలు. ఒకదానినిండా చుక్కలు చుక్కలుగా సూక్ష్మజీవి పెరిగి ఉంది. రెండోది తుడిచినట్టు ఖాళీ.

"ఖాళీది ఏ మూత సర్?"

"ఎర్ర."

ఎర్రమూత మీనల్‌ది. మకరంద్ స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎక్కడో గొంతునొప్పి వచ్చి తగ్గిందేమో సర్. ఇక్కడే పొరపాటున అంటుకుందేమో."

"నేనూ అదే అనుకుని చూశాను. సూక్ష్మజీవే లోపలికొస్తే దాని విషాలకి కూడా రక్తంలో గుర్తులుంటాయి. ఈ రక్తంలో ఒక్క గుర్తూ లేదు. అంటే కోటు వచ్చింది, మనిషి రాలేదు." పెండ్సే పళ్లెం పక్కన పెట్టాడు. "సూదితో గుచ్చారు మకరంద్‌రావ్. పైగా ఈ రక్తాన్ని గుండె కండరం ముక్కమీద వేస్తే అక్కడా అతుక్కుంది. పూర్తి కోటు గుచ్చారు. ఎవరీ మనిషి? కీళ్లనొప్పులున్నాయా? ఒక కీలునుంచి ఇంకో కీలుకి మారుతున్నాయా?"

మకరంద్ ఖాళీ పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. తనని సముద్రంలోంచి లాగిన చెయ్యి, పోత్నీస్ వీపుని శత్రువుకి చూపించిన చెయ్యి ఒకటేనని అతని బుర్రకి ఎక్కడం లేదు. ఏడుపు రాలేదు. ఏడుపొస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

*

క్యాంపు ప్రాంతంలో పాత ఇరానీ హోటల్. మీనల్ ఎప్పట్లాగే గోడకి వీపానించి, గుమ్మం కనబడేలా కూర్చుంది. మకరంద్ రెండు చాయ్‌లూ బన్ మస్కా చెప్పి, గొడుగు కుర్చీకి తగిలించాడు.

"పెండ్సేని ఎప్పుడు పట్టుకుంటున్నాం?" అంది.

"పెండ్సే కాదు మినూ."

"మరి?"

"మొన్న ఇచ్చిన నీ రక్తం సూక్ష్మజీవిని చంపేసింది."

బల్లకింద క్లిక్‌మన్న చప్పుడు అతనికి వినబడింది. ఆమె మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు.

"చాయ్ తాగు మక్యా. చేతులు బల్లమీదే ఉంచు."

"కాల్చాలంటే కాల్చు. పోత్నీస్‌ని కూడా నువ్వే కాల్చావా?"

"లేదు." ఆమె చూపు కప్పుమీదికి దిగింది. "ఎక్కడ ఒంటరిగా దొరుకుతాడో చెప్పాను."

"దానికీ దీనికీ తేడా ఏమిటే? వాడి కూతురి బారసాలకి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ పిల్లకి వెండిగ్లాసు నువ్వే కొన్నావ్."

"నాకు నీతులు చెప్పకు! మా తమ్ముడు నచికేత్ గుండె కవాటం చెడి పదిహేడేళ్లకి పోయాడు. పెండ్సే టీకా అప్పటికే కాగితాల మీద ఉంది. ఉండి ఏం లాభం? ఈ కమిటీ, ఆ కమిటీ, మళ్లీ మొదటి కమిటీ. హెరాన్ వాళ్లు ఏడాదిలో బయటికి తెస్తామన్నారు. పూర్తి కోటుదీ, పైముక్కదీ, విత్తనాలు రెండూ ఇచ్చాను. పైముక్కే వాడతామని మాటిచ్చారు. నమ్మకం కోసం మొదటి సూది నాకే వేశారు."

"ఏం వేశారో తెలుసా?"

"చెప్పాగా, పైముక్క."

"పూర్తి కోటు." మకరంద్ గొంతులో కోపం అడుగంటిపోయింది. "పని చేస్తుందో లేదో చూసుకోడానికి వాళ్లకో మనిషి కావాలి. నిన్ను వాడుకున్నారు. మోకాలు తగ్గి మోచెయ్యి పట్టుకుంది కదా? నిన్నట్నుంచి మణికట్టా?"

ఆమె ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉంది. తనకే తెలియకుండా పట్టుకుంది. దానివంక చూసుకుంది. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు ఆమె మొహంలో.

"నచికి కూడా మోకాలితోనే మొదలైంది," అంది చాలా నెమ్మదిగా. "క్రికెట్ దెబ్బ అనుకున్నాం."

"నీ ఒంట్లో సైన్యం ఇప్పుడు నీ గుండెనే కొడుతోంది మినూ. శత్రువనుకుని. దాని తప్పేం లేదు, దానికి చూపించిన కోటు అలాంటిది. రేపు పిల్లలకీ అదే గుచ్చుతారు. ఎక్కడ?"

పిస్తోలు బల్లకిందినుంచి పైకొచ్చి, బన్ మస్కా ప్లేటు పక్కన వాలింది.

"రేపు కాదు. పోత్నీస్ మెసేజ్ పంపాడని తెలిసి తేదీ మార్చారు. ఇవాళే. బారామతి వైపు, చక్కెర ఫ్యాక్టరీ వెనక, చెరుకుకోత కూలీల గుడిసెలు." ఆమె గడియారం చూసింది. బయట షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. "నాలుగింటికి మొదలెడతారు."

*

జీపు నడుపుతూనే మకరంద్ తాత్యాతో మాట్లాడాడు. పోలీసులు బయల్దేరారుగానీ, ఫ్యాక్టరీ చుట్టూ కూలీల గుడిసెలు నాలుగైదు చోట్ల ఉన్నాయి. ఏ చోటో మీనల్‌కి మాత్రమే తెలుసు. చెరుకుబళ్లు రోడ్డంతా ఆక్రమించుకుని నత్తనడక నడుస్తున్నాయి. వాటిని తప్పించలేక జీపుని తోటలోకే దించేశాడు. పక్కసీట్లో ఆమె ఒక్కసారే నోరు విప్పింది.

"కొలంబోలో నిన్ను తీసింది నిజంగానే తీశాను మక్యా. అప్పటికి నేనెవరికీ అమ్ముడుపోలేదు."

"ఇప్పుడు చెప్పి ఏం ప్రయోజనం?"

"ఏం లేదు. చెప్పాలనిపించింది."

చెరుకాకు కప్పిన గుడిసెల మధ్య తెల్లటి షామియానా. పైన బ్యానర్‌మీద 'ఉచిత టీకా శిబిరం', కింద పెండ్సే సంస్థ ముద్ర. తల్లులు పిల్లల చెవులు మెలేసి వరసలో నిలబెడుతున్నారు. బల్ల వెనక తెల్లకోటులో నెరిసిన జుట్టు విదేశీయుడు. హెరాన్ నాయకుడు వెర్నర్. మొదటి సూది చేతిలో సిద్ధంగా ఉంది. ముందు నిలబడ్డ పిల్లకి ఏడెనిమిదేళ్లుంటాయి, ముక్కు కారుతోంది, ధైర్యంగా గౌను చెయ్యి పైకి లాగి పట్టుకుంది.

మీనల్ మణికట్టు ఒత్తుకుంటూ వరస పక్కనించి నడిచింది. ఆమె మొహంలో మళ్లీ ఆ పాత నవ్వు.

"డాక్టర్, మామిడిపళ్లొచ్చాయా?"

వెర్నర్ తలెత్తాడు. అది వాళ్ల కోడ్. "రత్నగిరినుంచి ఇంకా రాలేదు."

"సరుకు పాడైంది. ఆపెయ్యమని ఆర్డరు."

"నాకు అలాంటి ఆర్డరు రాలేదు మేడమ్. మీరు కాస్త పక్కకి జరిగితే..."

సూది పిల్ల చెయ్యికి ఆనబోతుండగా మీనల్ మధ్యలో తన చెయ్యి పెట్టేసింది. సూది ఆమె ముంజేతిలో దిగింది. వెర్నర్ దాన్ని వదిలేసి కోటు జేబులోకి చెయ్యి పోనిచ్చేలోగా, వెనకనుంచి వచ్చిన మకరంద్ గొడుగు వంకీ అతని కాలికి తగిలించి ఒక్క గుంజు గుంజాడు. వెర్నర్ ఐస్‌పెట్టెల మీద బోర్లాపడ్డాడు. పిస్తోలు ఎగిరి చెరుకుపిప్పిలో పడింది. కూలీ ఆడవాళ్లకి ఏం జరిగిందో తెలియకపోయినా, తుపాకీ తెచ్చిన డాక్టరు మంచివాడు కాదని తెలిసింది. పోలీసులొచ్చేదాకా కోతకత్తులతో అతన్ని వాళ్లే కాపలా కాశారు.

ట్రాన్స్‌మిటర్ మాత్రం చివరిదాకా పనిచెయ్యలేదు.

సిరంజీలో ముప్పావువంతు ఖాళీ అయింది. మకరంద్ ఆమె చెయ్యి పట్టుకుని సూది బయటికి లాగాడు.

"ఎందుకే ఇలా చేశావ్? గట్టిగా అరిచినా సరిపోయేదిగా?"

"నాకెలాగూ ఆ కోటు పరిచయమే కదా," అంది మీనల్.

*

ఆ తర్వాతి గురువారం మిలిటరీ ఆసుపత్రిలో, గుమ్మం దగ్గర కాపలా ఉన్న గదిలో, మీనల్ దిండుకానుకుని కూర్చుంది. పెండ్సే స్వయంగా వచ్చి గుండె విన్నాడు. ఒక కవాటం దెబ్బతింది. గొంతులోకి ఆ సూక్ష్మజీవి నిజంగానే చేరకుండా ఏళ్లతరబడి పెన్సిలిన్ సూదులు తప్పవు, జైల్లో అయినా సరే. పోత్నీస్ కేసులో శిక్ష ఎటూ తప్పదు.

మకరంద్ డబ్బా తెరిచి మంచంమీద పెట్టాడు. పోహే.

"గురువారం కదా, ఉపవాసమేమో అనుకున్నా," అన్నాడు.

ఆమె నవ్వబోయింది. కుదరక మొహం గోడవైపు తిప్పుకుంది. "నన్ను క్షమించావా?"

"లేదు."

"మరి ఇదెందుకు తెచ్చావ్?"

"ఏమో. తెలిస్తే తెచ్చేవాణ్ణి కాదు."

అక్కణ్నుంచి నేరుగా లాబొరేటరీకి వెళ్లి, చొక్కా చెయ్యి మడిచి వరసలో నిలబడ్డాడు. స్టోర్‌కీపర్ వేషం తీసేసినా ట్యూబు బాకీ ఉంది. మర్నాడు పెండ్సే గాజుపళ్లెం తెచ్చి వెలుతురుకి పట్టి చూపించాడు. నిండా తెల్లటి చుక్కలు, ఒకదానిమీద ఒకటి పడి పెరిగి ఉన్నాయి.

"ఇంత జరిగినా మీ రక్తం మారలేదు మకరంద్‌రావ్. ఎవరొచ్చినా రమ్మంటుంది. ఎవర్నీ అనుమానించదు."

"ఈ సంగతి తాత్యాకి చెప్పకండి సర్," అన్నాడు మకరంద్ గొడుగు తీసుకుంటూ. "ఉద్యోగం పోతుంది."